పసుపు దంచే వాకిట్లో కొరమేను

తొమ్మిదో భాగం

కిందటి వారం హన్నమ్మను తాడేపల్లిగూడెం అవతల, శేషగిరిరావు గారి వీధి మలుపులో ఆటో దిగుతుండగా వదిలి వచ్చాం. ఆమె చేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్టు ఉంది. బకెట్లో నీళ్ళు, నీళ్ళలో రెండు కొరమేనులు, ప్రాణాలతో. జబ్బు మనిషికి కొరమేను పులుసు పెడితే ఒంట్లోకి సత్తువ వస్తుందని కొల్లేటి వైపు నమ్మకం. అందుకే భర్త ఏలీయా కాపలా ఉండే చేపల చెరువు పక్క బోదె కాలవలో గాలం వేయించి మరీ పట్టించింది. ఏలూరు బస్టాండులో కండక్టరు బకెట్టు చూసి సణిగితే, "మిలట్రీ అబ్బాయి తల్లికండీ, గుండె జబ్బండీ" అని చెప్పుకుంది. అతనే బకెట్టు అందుకుని లోపల పెట్టాడు. ఈ మధ్య మిలట్రీ అన్న మాట వినబడితే బస్సులో కూడా జరిగి చోటిస్తున్నారు.

ఎందుకివ్వరు? ఉత్తరాన మంచుకొండల్లో మన సరిహద్దు పోస్టు ఒకటి ఉంది. రెండు దేశాల పెద్దలూ శాంతి చర్చలకి కూర్చుని, టీవీల్లో చేతులు కలిపి నవ్వుతున్న రోజుల్లోనే, ఒక తెల్లవారుజామున శత్రువు ఆ పోస్టు మీద పడ్డాడు. హెచ్చరిక లేదు, కయ్యానికి కాలు దువ్వడం కూడా లేదు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. మధ్యాహ్నానికల్లా దేశం యుద్ధంలో ఉంది. సాయంత్రానికి ఏలూరులో కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళకి జెండాలు కట్టుకుని తిరిగారు.

ఆ పోస్టులో ఉండవలసిన వాళ్ళలో మనవాళ్ళు ఇద్దరు. ఒకడు శేషగిరిరావు గారి కొడుకు ఉదయ్ కిరణ్, రెండోవాడు హన్నమ్మ కొడుకు అనిల్ కుమార్. ఒకే మిలట్రీ ర్యాలీలో ఎంపికై, ఒకే బ్యారక్‌లో పడుకుని, ఒకే కంచంలో తిన్నారు. అనిల్‌కి కూతురు పుట్టింది. చూసుకోవడానికి లీవు మంజూరైంది. సరిగ్గా అప్పుడే ఉదయ్‌కి ఇంటి నుంచి ఫోను వచ్చింది, అమ్మకి గుండెపోటు, సీరియస్, వెంటనే రమ్మని. ఇద్దరికీ ఒకేసారి లీవు ఇవ్వనన్నారు పైవాళ్ళు. అనిల్ తన లీవు వదులుకున్నాడు. "బిడ్డ ఎక్కడికీ పోదురా, అమ్మ పోతే రాదు. నువ్వెళ్ళు" అన్నాడు. ఉదయ్ ఇల్లు చేరిన మర్నాడే దాడి జరిగింది. అనిల్ చనిపోయిన వాళ్ళలో లేడు, దొరికిన వాళ్ళలోనూ లేడు. ఆచూకీ లేదు, అంతే.

కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి ఉన్న హన్నమ్మకి ఒక ఉదయం ఉదయ్ తల్లి కామేశ్వరి గుర్తొచ్చింది. ఆ అబ్బాయి బతికాడు, వాళ్ళమ్మ బతికిందో లేదో అనుకుంది. కోడలు దీవెన వద్దంది. "మన బాధ మనకి చాలదా అత్తయ్యా" అంది. "నా కొడుకు తన లీవు ఇచ్చింది ఆవిడ కోసం. ఆవిడ కోలుకుంటే వాడి మాట నిలబడినట్టు" అని హన్నమ్మ బయల్దేరింది. ఇంత మంచితనం ఉన్నవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. లోకం వాళ్ళని ఏం చేస్తుందో తెలుసు కాబట్టి.

వీధిలోకి రాగానే రోకలి పోటు వినిపించింది. దాని వెంట ఆడవాళ్ళ పాట. ఇంటి ముందు కొత్తగా పాతిన పందిరి రాట, దానికి మామిడి కొమ్మలు. ఇల్లు తప్పిందేమోనని హన్నమ్మ వెనక్కి తిరిగి గోడ మీద పేరు చూసింది. శేషగిరిరావు అనే ఉంది. లోపల హాల్లో టీవీ యుద్ధం గురించి అరుస్తోంది. వాకిట్లో మాత్రం ముత్తయిదువులు రోటి చుట్టూ చేరి పసుపు దంచుతున్నారు.

గేటు తీసి రెండడుగులు వేసిందో లేదో, పక్కింటి వెంకటనరసమ్మ ఎదురొచ్చింది.

"ఆగండాగండి. ఎవరండీ మీరు? బకెట్లో ఏంటండీ, కొట్టుకుంటోంది?"

"కొరమేనులండీ. కామేశ్వరమ్మగారికని తెచ్చానండీ."

"అయ్యో రామ. పసుపు దంచే వాకిట్లోకి నీచు తెస్తారాండీ ఎవరైనా? ముందు గేటు అవతల పెట్టండి."

హన్నమ్మ గబుక్కున వెనక్కి వెళ్ళి బకెట్టు గోడ వారన పెట్టి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "తెలీదండీ, ఏమీ అనుకోకండి. పెళ్ళెవరికండీ?"

"ఎవరికేంటండీ, మిలట్రీ అబ్బాయికే. ఏలూరు సంబంధం. పిల్ల పేరు అఖిల, బంగారు బొమ్మనుకోండి. యుద్ధం వచ్చింది కదా, శ్రావణంలో ఉన్న మొదటి ముహూర్తమే పెట్టేసుకున్నారు."

హన్నమ్మకి అర్థమైంది అనిపించింది. జబ్బు మనిషి కళ్ళ ముందే కొడుక్కి పెళ్ళి చేసేస్తున్నారు కాబోలు. జాలిగా అడిగింది. "మరి వాళ్ళమ్మగారికి ఎలా ఉందండీ? ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేశారా?"

"ఆస్పత్రేంటండీ? కామేశ్వరి వదినకా?" వెంకటనరసమ్మ నవ్వింది. ఆవిడకి ఏ పాపమూ తెలీదు. "నిన్న నాతో గూడెం బజారంతా తిరిగి పెళ్ళి చీరలు తెచ్చింది. నాకు మోకాళ్ళు పట్టేశాయి గానీ ఆవిడ గుర్రంలా ఉంది. ఏం వదినా, నీకేదో జబ్బంటున్నారు ఈవిడ."

రోకలి ఆగింది. పాట ఒక గొంతు తర్వాత ఒక గొంతుగా ఆగింది.

రోటి దగ్గర నిలబడి, రెండు చేతులతో రోకలి పట్టుకుని ఉన్న మనిషి కామేశ్వరి. మోచేతుల దాకా పసుపు, నుదుట చెమట. హన్నమ్మ ఆవిణ్ణి గుర్తుపట్టింది. కుర్రాళ్ళిద్దరూ ట్రైనింగు ముగించి మొదటిసారి పోస్టింగుకి వెళ్ళేటప్పుడు ఏలూరు స్టేషన్లో కలుసుకున్నారు. ఈవిడే పులిహోర పొట్లం విప్పి, "మీ వాడూ మా వాడూ అన్నదమ్ములండీ" అంటూ అనిల్‌కి చేత్తో తినిపించింది.

కామేశ్వరి కూడా గుర్తుపట్టింది. గుర్తుపట్టి, నేను సిగ్గుతో రాస్తున్నాను, దగ్గింది. రోకలి పక్కకి ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని, రెండుసార్లు దగ్గి, అరుగు మీద కూలబడబోయింది. గుండెపోటుకీ దగ్గుకీ సంబంధం లేదని కూడా తోచలేదు ఆవిడకి.

"వద్దండీ," అంది హన్నమ్మ. గొంతు పెద్దది కాలేదు. "దగ్గకండి. రోకలి పోటు వీధి చివరిదాకా వినబడింది."

ముత్తయిదువులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. శేషగిరిరావు గారు లోపలి నుంచి కండువా సర్దుకుంటూ వచ్చారు. మర్యాద గల మనిషి, ఊళ్ళో నలుగురికీ పెద్ద. వచ్చిందెవరో చూడగానే ఆయన మొహం మాడింది. అయినా కుర్చీ తెప్పించారు, మంచినీళ్ళన్నారు.

"కూర్చోండమ్మా. స్థిమితంగా మాట్లాడుకుందాం."

"కూర్చోనండీ. మీ ఆవిడకి గుండెపోటు వచ్చిందా, రాలేదా, అది చెప్పండి."

ఆయన నేల చూపులు చూశారు. తర్వాత చెప్పారు. పెళ్ళిచూపులకి రమ్మంటే అబ్బాయి లీవు దొరకదంటున్నాడు. అవతల అఖిల వాళ్ళకి ఇంకో సంబంధం వచ్చింది. చేజారిపోతుందని భయం. "మన వైపు అందరూ చేసేదేనండీ. మా బాబాయి రైల్వేలో ఉండగా అమ్మకి సీరియస్ అని టెలిగ్రాం ఇచ్చి పిలిపించి పెళ్ళి చేశారు. ఇలా అవుతుందని ఎవరనుకుంటారండీ?"

ఆ మాట నిజమే. మన జిల్లాల్లో ఈ అబద్ధానికి పాపం అంటదు. తల్లిని మంచాన పడేసి కొడుకుని పెళ్ళిపీట ఎక్కించిన ఇళ్ళు వీధికొకటి ఉంటాయి. వచ్చాక కొడుకు రెండు రోజులు అలుగుతాడు, తర్వాత అదే కథ పెళ్ళి భోజనాల్లో చెప్పుకుని అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో ఎవడి లీవు పోయిందో, ఎవడి డ్యూటీ ఎవడు చేశాడో అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఇవాళ మొదటిసారి అడగడానికి ఒక మనిషి గేటు లోపల నిలబడింది.

"అదేంటండీ, మీ వాణ్ణి ఉండమని నేను చెప్పానా?" కామేశ్వరి లేచింది. దగ్గు మరిచిపోయింది. తప్పు చేసిన మనిషికి ముందు భయం, ఆ తర్వాత కోపం వస్తాయి. ఆవిడ రెండో మెట్టు మీదికి వచ్చింది. "నేను నా కొడుకుని పిలుచుకున్నాను. మీ వాడు లీవు ఇస్తాడని నాకేం తెలుసు? మీదికొచ్చి పడింది ఆ దుర్మార్గులు. వాళ్ళని అడగండి."

"వాళ్ళని అడగడానికి నా కొడుకు వెళ్ళాడండీ. మిమ్మల్ని అడగడానికి నేనొచ్చాను." హన్నమ్మ ఒక అడుగు ముందుకేసింది. "పెళ్ళిచూపులని చెప్పుంటే మావాడేమనేవాడో తెలుసాండీ? నవ్వేవాడు. నా బిడ్డని చూసొస్తాను, ఆ తర్వాత నువ్వెళ్ళి పిల్లని చూసుకోరా అనేవాడు. మీరు అడగలేదు. అమ్మ అన్న మాట అడ్డం పెట్టి లాక్కున్నారు. ఆ మాటంటే వాడు ఇచ్చేస్తాడు. అలా పెంచాను నేను. అదీ నా తప్పు."

"నేను ఆ అబద్ధం ఆడకపోతే నా కొడుకు పోయేవాడండీ."

అనేసింది. అని, నాలిక కరుచుకుంది. ఆలస్యమైపోయింది.

"ఎవరు పోయారండీ?" అంది హన్నమ్మ.

గేటు అవతల బకెట్లో చేప ఒకసారి మూతని కొట్టింది.

"ఎవరు పోయారని చెప్పారండీ మీకు? మీ కొడుకు ఉండుంటే పోయేవాడు అంటున్నారు. అంటే ఉన్నవాడు పోయినట్టేనా? మేం ఇంకా రోజూ రాత్రి వాడి పేరున ప్రార్థన చేస్తున్నామండీ. మా కోడలు ఇంకా మెతుకు మెతుకుగా అన్నం మింగుతోంది. ఇక్కడ మీరు మా వాణ్ణి పాతేసి దాని మీద పందిరి వేసుకున్నారు."

కామేశ్వరి పసుపు చేతులు చీరకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

అప్పుడు ఉదయ్ కిరణ్ వచ్చాడు. పెరటి గదిలోంచి, గడ్డం మాసి, పెళ్ళికొడుకు కళ ఏ కోశానా లేకుండా. ఇంటికి వచ్చిన రోజునే, తల్లి ఎదురొచ్చి దిష్టి తీస్తుంటేనే వాడికి సంగతి తెలిసింది. ఆ సాయంత్రం అరిచి గోల చేశాడు. మర్నాడు దాడి వార్త టీవీలో చూశాడు. ఆ తర్వాత తల్లితో మాట్లాడటం మానేశాడు. వెంటనే వెళ్ళిపోతానంటే తండ్రి ఆపారు. యూనిట్‌తో తనే మాట్లాడాననీ, పిలిచేదాకా ఇంట్లో ఉండమన్నారనీ చెప్పారు. ఉదయ్ ఫోను నీళ్ళలో పడిందని రిపేరుకి పట్టుకెళ్ళింది కూడా ఆయనే.

ఉదయ్ హన్నమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి చిన్న ఉన్ని టోపీ తీసి ఇచ్చాడు. గులాబీ రంగుది, అరచేతిలో పట్టేంత.

"అనిల్ ఇచ్చాడాంటీ. పాపకి. అక్కడి బజార్లో కొన్నాడు. మన ఎండల్లో ఉన్ని టోపీ ఎందుకురా అంటే, ఫోటో తీసి పంపడానికన్నాడు."

హన్నమ్మ దాన్ని తీసుకుంది. చాలాసేపు చూసింది. "ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదు బాబూ?"

"మీ మొహం చూడలేకాంటీ."

"నేను మీ అమ్మ మొహం చూడటానికి రెండు బస్సులు మారి వచ్చాను." అంతే అంది. చెంప మీద కొట్టినా ఉదయ్‌కి అంత తగిలేది కాదు.

ఇంతలో ఇంట్లో ఫోను మోగింది. ఉదయ్ చెల్లెలు పింకీ, కాలేజీ పిల్ల, తండ్రి ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. లోపలేం జరుగుతోందో, బయటేం జరుగుతోందో ఆ పిల్లకి పట్టలేదు. ముంజేతుల నిండా పసుపని మోచేత్తోనే నొక్కితే స్పీకరు ఆన్ అయింది.

"నాన్నా, మళ్ళీ ఆ క్లర్కు తాతారావు గారే."

మళ్ళీ అన్న మాట విని ఉదయ్ తలెత్తాడు.

శేషగిరిరావు గారు ఒక్క అంగలో వెళ్ళి ఫోను అందుకున్నారు. కంగారులో స్పీకరు సంగతి చూసుకోలేదు. రోజూ చెప్పి చెప్పి అలవాటైన మాట ఆయన నోట దానంతటదే వచ్చేసింది. "ఆయ్, నమస్తే అండీ. ఇంకా ఐసీయూలోనే ఉందండీ. మాటా పలుకూ లేదండీ."

ఐసీయూలో ఉన్న మనిషి రోటి పక్కన నిలబడి వింటోంది.

"శేషగిరిరావు గారూ," ఫోనులో గొంతు విసుగ్గా పలికింది. తెలుగాయనే, యూనిట్ ఆఫీసులో పని. "యుద్ధం మొదలైన రోజే లీవులన్నీ రద్దని చెప్పాను కదండీ. ఆస్పత్రి కాయితం పంపుతానన్నారు, రాలేదు. అబ్బాయిని ఒక్కసారి మాట్లాడించమంటే మాట్లాడించరు. ఇవాళ కూడా రిపోర్టు చెయ్యకపోతే పారిపోయాడని రాసెయ్యాలండీ. తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఉదయ్ తండ్రి వైపు చూశాడు. ఆ చూపు నేను వర్ణించను. "పిలిచేదాకా ఉండమన్నారన్నారు నాన్నా."

"బాబూ, నీ మేలుకే..."

"అక్కడ నా సెక్షన్లో మిగిలినవాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో తెలుసా మీకు? దాడి జరుగుతుందని ముందే తెలిసి పారిపోయాడనుకుంటారు. అనిల్ నా డ్యూటీలో నిలబడ్డాడు నాన్నా. నేనిక్కడ మామిడాకుల కింద కూర్చున్నాను."

"ఏవండీ, ఉన్నారా?" అంటోంది ఫోను.

ఉదయ్ చెయ్యి చాచాడు. వాడికంటే హన్నమ్మ దగ్గరగా ఉంది. శేషగిరిరావు గారి చేతిలోంచి ఫోను తీసేసుకుంది. లాక్కోలేదు. పెద్దాయన పట్టు అప్పటికే సడలిపోయింది. కామేశ్వరి మాత్రం ఒక్క ఉదుటున ముందుకొచ్చి హన్నమ్మ ముంజెయ్యి పట్టుకుంది.

"మీ కాళ్ళు పట్టుకుంటానండీ. వాడు వెళ్తే రాడు. మీరూ తల్లే. చెప్పకండి."

హన్నమ్మ తన చేతి మీద పసుపు వేళ్ళ ముద్రలు చూసుకుంది. ఆవిడ అడుగుతున్నదేమిటో హన్నమ్మకంటే బాగా తెలిసిన మనిషి ఆ వాకిట్లో ఇంకొకరు లేరు. ఒక్క మాట ఐసీయూ అంటే చాలు, ఈ పిల్లాడు ఇంకొన్నాళ్ళు బతుకుతాడు. అనకపోతే కొండల్లోకి వెళ్తాడు. అలా పంపడానికి నోరు రావద్దూ? వచ్చింది. కానీ ఆ నోట కక్ష లేదు. కక్షతోనే అందని కామేశ్వరి తర్వాత ఎన్ని శాపనార్థాలు పెట్టినా నేను ఒప్పుకోను.

ఆమె ఉదయ్‌నే అడిగింది. "నువ్వు చెప్పు బాబూ. వెళ్తావా, ఉంటావా? నీ నోటితో చెప్పు. ఇంక ఎవరి మాటా నీ తరఫున నేను వినను."

"వెళ్తానాంటీ. ఇవాళే."

హన్నమ్మ ముంజెయ్యి విడిపించుకుంది.

"అయ్యా, కామేశ్వరమ్మగారు బాగున్నారండీ," అంది ఫోనులో. "ఏ జబ్బూ లేదండీ. అబ్బాయికి ఇప్పటిదాకా మీ కబురు అందలేదు, అందుకని రాలేదు. పారిపోలేదండీ, అలా రాయకండి. ఇవాళే బయల్దేరుతున్నాడు."

కామేశ్వరి రోటి పక్కనే నేల మీద కూలబడింది. ఈసారి నటన కాదు. వెంకటనరసమ్మ వెళ్ళి పట్టుకుంది.

"మీరెవరండీ మాట్లాడేది?" అన్నారు తాతారావు గారు.

"నేను అనిల్ కుమార్ తల్లినండీ. హన్నమ్మని. కొల్లేరు నుంచి."

అవతల మాట ఆగిపోయింది. ఫోను పెట్టేశారేమోనని హన్నమ్మ తెర చూసింది. పెట్టెయ్యలేదు. ఎవరితోనో లోగొంతులో మాట్లాడుతున్నారు, కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన గొంతులో విసుగు లేదు. అది లేకపోవడమే హన్నమ్మకి భయం పుట్టించింది.

"అమ్మా, పొద్దున్నుంచీ మీ కోసమే ప్రయత్నిస్తున్నామమ్మా. మీ ఆయన ఏలీయా గారి నంబరు కలవట్లేదు."

"చెరువు గట్టు మీద సిగ్నలు ఉండదండీ. చెప్పండి."

"మీ పక్కన మగవాళ్ళెవరైనా ఉన్నారామ్మా? ఒకసారి ఫోను వాళ్ళకివ్వండి."

శేషగిరిరావు గారు తెలియకుండానే చెయ్యి చాచారు. పెద్దమనిషి కదా, ఇలాంటి ఫోన్లు ఊళ్ళో ఎన్నోసార్లు ఆయనే అందుకున్నారు. ఉదయ్ కూడా ఒక అడుగు వేశాడు. హన్నమ్మ ఇద్దర్నీ చూసింది. టోపీ పిడికిట్లో నలిగిపోతోంది.

"ఉన్నారండీ," అంది. "వాళ్ళకిచ్చేది లేదు. వాణ్ణి కన్నది నేను. నాకే చెప్పండి."